మా చిన్నాయన వదిలేసిన రొట్టె

చిన్నాయన పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను మట్టెవాడలోని నా షాపులో ఒకావిడ బ్లౌజుకు చంక కుట్లు విప్పుతున్నాను. చిన్నమ్మ గొంతు. "పోయిండే. కుర్చీల కూసోని చాయ తాగుతాండు, కప్పు గూడ కింద వెట్టలే" అంది. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "గట్లెట్ల పోతడు?" అని. ఏడుస్తూ అన్న మాట కాదు, ఒళ్ళు మండి అన్నాను. మా ఇద్దరి మధ్యా తెగని తగాదా ఒకటి ఉంది. దాన్ని నా నెత్తిన పెట్టి ఆయన చాయ తాగుతూ తాగుతూ వెళ్ళిపోయాడు. ఎదురుగా నిలబడ్డ ఆవిడ నా బ్లౌజు ఇవ్వాళ ఇస్తారా అని అడిగింది. ఇవ్వనని కసిరి షట్టరు దించేశాను.

మా సంఘం వాళ్ళు క్రిస్మస్ సంచిక కోసం ఆయన గురించి రెండు మంచి మాటలు రాయమన్నారు. అన్న కూతుర్ని కాబట్టి నేనే రాయాలట. రాస్తున్నాను. కానీ ముందే చెప్తున్నా, మంచి మాటలు మాత్రమే కావాలనుకునేవాళ్ళు ఈ పేజీ తిప్పేసి కేకులు చేసే విధానం దగ్గరికి వెళ్ళిపోండి. సమాధుల తోటలో మైకు పట్టుకున్న ప్రతి పెద్దమనిషీ ఆయన్ని భక్తుడన్నాడు, పరిశుద్ధుడన్నాడు. ఒకాయన సాత్వికుడని కూడా అన్నాడు. సాత్వికుడట! మా చిన్నాయన! బతికుండగా ఆయన మాట్లాడటానికి లేస్తే గడియారం చూసుకున్నవాళ్ళే వీళ్ళంతా. పెట్టెలో ఉన్నాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ మైకు లాక్కుని, "నా గురించి గిన్ని అబద్ధాలెందుకు?" అని ఆయనే అడిగేవాడు.

నేను మాత్రం ఉన్నదే రాస్తాను.

చిన్నాయన డోర్నకల్‌లో రైల్వేలో చేశాడు. గూడ్సు డబ్బాలు బాగుచేసే పని. పాడైన డబ్బాను బండి నుంచి విడదీసి నిలబెట్టే లైనును వాళ్ళు సిక్‌లైన్ అంటారు. రోజంతా అక్కడ గ్రీజులో మునిగి, శనివారం సాయంత్రం ప్యాసింజరెక్కి మా ఇంటికి వచ్చేవాడు. ఆదివారం గుడికి, మధ్యాహ్నం మా ఇంట్లో కోడికూర, సాయంత్రం మళ్ళీ బండి. అప్పట్లో విపరీతంగా తాగేవాడు. చిన్నమ్మను నానా మాటలు అనేవాడు. పొద్దున లేచి ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చేవాడు. చిన్నమ్మకు ఆ తిట్లకన్నా ఆ ఏడుపు అంటేనే ఎక్కువ విసుగు.

మా బాపు అందుకు పూర్తిగా వేరు. మిల్లు మూతపడేదాకా మిల్లులో చేశాడు, సంఘంలో పెద్ద. మాట్లాడితే మనిషి విని తీరాల్సిందే, అంత నిదానం. మా సంఘంలో నెలకోసారి, మొదటి ఆదివారం, ప్రభువు బల్ల ఉంటుంది, అంటే యేసును తలుచుకుంటూ అందరూ రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం. అమ్మగారు, అంటే పాస్టరు గారి భార్య, కాల్చిన రొట్టెను ముక్కలు చేసి పళ్ళెంలో పెడితే, పెద్దలు ఆ పళ్ళేన్ని తెచ్చి బెంచీ చివర అందిస్తారు. అది చేతులు మారుతూ అవతలి చివరికి పోతుంది. మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు. బాపు ఆ పళ్ళెం పట్టుకోవడానికే ఒక తెల్లచొక్కా విడిగా ఉంచుకున్నాడు. దాన్ని వేరే దేనికీ వేసుకునేవాడు కాదు, నా చిన్నప్పటి నుంచి ఇస్త్రీ చేసేది నేనే. ఆ చొక్కాలో బాపు నడిచి వస్తుంటే నాకు దేవుడి మీద కన్నా బాపు మీదే ఎక్కువ భక్తి కలిగేది.

చిన్నాయన మారాడు. ఎక్కడో మూడురోజుల కూడికలకు పోయి మోకాళ్ళ మీద పడి ఏడ్చి లేచాడట, తాగుడు వదిలేశాడట. మంచిదే, ఎవరు కాదన్నారు? మా గుళ్ళో సాక్ష్యం చెప్పే ఆచారం ఉంది. దేవుడు తనకు చేసిన మేలును మనిషి లేచి నిలబడి అందరి ముందూ చెప్పుకోవడం. ఒక మొదటి ఆదివారం చిన్నాయన లేచాడు.

"అందరికి వందనాలు. నేను తాగుబోతునని మీకు ఎరుకే. మీకు ఎరుకలేని సంగతేందంటే, నేను ఒక్కన్నే తాగలే. శనివారం శనివారం మా అన్న ఇంటెనక రేకుల కొట్టంల నేను, మా అన్న కూసోని తాగేటోళ్ళం. దేవుడు నన్ను విడిపించిండు. మా అన్న ఇంక అండ్లనే ఉన్నడు. మా అన్న కోసం అందరు భారంగ ప్రార్థన చెయ్యున్రి."

అని చెప్పి, చెమట తుడుచుకుని, సంతోషంగా కూర్చున్నాడు. తన పాపం ఒప్పుకోవడానికి లేచిన మనిషి మా బాపు పాపం కూడా ఒప్పేసుకున్నాడు. బాపు ముందు బెంచీలో తెల్లచొక్కాతో కూర్చుని ఉన్నాడు. ఇంకాసేపట్లో పళ్ళెం పట్టుకోవాలి. పాస్టరు అయ్యగారు కిందికి దిగి వచ్చి బాపు చెవిలో ఏదో చెప్పారు. పళ్ళెం ఇంకొకాయన పట్టుకున్నాడు.

అది నిజమా అంటారా? నిజమే. శనివారం సాయంత్రం ఆ కొట్టం వైపు పోవద్దని అమ్మ మాకు ఎందుకు చెప్పేదో ఆ రోజు అర్థమైంది. కానీ నిజమైతే మాత్రం? ఇంట్లో నిజాన్ని తెచ్చి గుళ్ళో ఆరేస్తారా?

అసలు విడ్డూరం ఆ తర్వాత ఉంది. గుడి విడిచాక ఆయన నేరుగా మా ఇంటికి వచ్చాడు. ఎప్పట్లాగే చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, పీట వేసుకున్నాడు.

"వదినా, అన్నం వెట్టు. ఆకలైతాంది."

అమ్మ గరిటె పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది. "నీకు సిగ్గు లేదా మరిదీ? ఏం మొఖం వెట్టుకోని వచ్చినవ్?" అంది.

"నేనేం తప్పు మాట్లాడిన వదినా? ప్రార్థన చెయ్యుమన్న గద!"

అమ్మ కోడికూర గిన్నెను అట్లాగే తీసుకెళ్ళి పక్కింటివాళ్ళకు ఇచ్చేసింది. మేమందరం పచ్చడితో తిన్నాం. చిన్నాయన కాసేపు పీట మీద కూర్చుని, ఏమీ అర్థంకానివాడిలా లేచి స్టేషనుకు వెళ్ళిపోయాడు. బాపు లోపలి గదిలోంచి బయటకు రాలేదు.

కమిటీ కూర్చుంది. బాపును పెద్దరికం నుంచి తీసేసింది, కొన్నాళ్ళు బల్లకూ దూరంగా ఉండమంది. తీసేసినవాళ్ళలో ఎవరెవరి ఇంటివెనక ఎవరెవరి కొట్టాలున్నాయో నాకు తెలుసు. నాకు చిన్నాయనంత విశాల హృదయం లేదు కాబట్టి రాయను. అప్పుడు డోర్నకల్ నుంచి నాకు కుదిరిన సంబంధం కూడా తప్పిపోయింది. దానికి నేనేం ఏడవలేదు, ఆ పిల్లవాడి మీసం నాకు మొదటి నుంచీ నచ్చలేదు. ఏడ్చింది తెల్లచొక్కా గురించి. ఇస్త్రీ చేసి ఎప్పట్లాగే తలుపుకు తగిలిస్తే బాపు దాన్ని మడిచి, ట్రంకుపెట్టె అడుగున పెట్టాడు. కొన్ని నెలలకు క్రమశిక్షణ తీరిందని సంఘం ఆయన్ని మళ్ళీ బల్లకు పిలిచింది. రొట్టె తీసుకునేవాడు, వచ్చేసేవాడు. పళ్ళెం మాత్రం మళ్ళీ ఎప్పుడూ ఆయన చేతికి రాలేదు.

ఇక చిన్నాయన చేతి కథ. బల్లకు ముందు అయ్యగారు ప్రతిసారీ ఒక మాట చెప్తారు, ఎవరితోనైనా విరోధం ఉంటే ముందు సమాధానపడి రండని. అందరం తలలు వంచుకుని వింటాం. వాతావరణ వార్తలు విన్నట్టు వింటాం. ఇంత మంది సంఘంలో ఆ మాటను ఉన్నదున్నట్టు పట్టుకున్నవాడు చిన్నాయన ఒక్కడే. ఆ మాట కాగానే తన బెంచీలోంచి లేచి, అందరి మోకాళ్ళూ తగులుతూ బయటికి వచ్చి, ముందుకు నడిచి బాపు ఎదురుగా నిలబడి చెయ్యి చాపేవాడు. "అన్నా" అనేవాడు. అంతే. బాపు పాటల పుస్తకంలోంచి తల ఎత్తేవాడు కాదు. చిన్నాయన కాసేపు నిలబడి, మళ్ళీ అందరి మోకాళ్ళూ తగులుతూ వెళ్ళి కూర్చునేవాడు. పళ్ళెం వస్తే తీసుకునేవాడు కాదు. ప్రతి నెలా ఇదే. ఏళ్ళ తరబడి ఇదే.

దాన్ని చూసి కళ్ళు తుడుచుకున్న ముసలమ్మలు ఉన్నారు. నాకు మాత్రం ఒళ్ళు తెలియని కోపం వచ్చేది. మీకు అది పశ్చాత్తాపంలా కనిపించి ఉంటుంది. మాకు అది నెలనెలా సభ ముందు నిలబెట్టి చేసే పంచాయితీ. ఆయన లేచిన ప్రతిసారీ జనానికి రేకుల కొట్టం గుర్తొచ్చేది.

ఆయనేమైనా మారి మహానుభావుడు అయిపోయాడా? లేదు. కూర్చునేది చివరి బెంచీ, ఎందుకంటే వచ్చేదే ఆలస్యంగా. ప్రసంగం మొదలుకాగానే వెనక గోడకు తల ఆనించి నిద్ర. నూనె బాగా రాసుకునే తల, ఆ గోడ మీద తలకాయంత మరక పడింది. సున్నం వేసినా నెల తిరక్కుండా మళ్ళీ తేలేది. పాట అందరికన్నా అర చరణం ముందు పాడేవాడు. రోగుల్ని చూడటానికి వెళ్ళి, వాళ్ళ మంచం పక్కన కూర్చుని, వాళ్ళకు తెచ్చిన బత్తాయిలు వొలుచుకుని తినేసి, ఆ తర్వాత కళ్ళు మూసుకుని చాలాసేపు ప్రార్థన చేసేవాడు. మధ్యమధ్య మళ్ళీ తాగేవాడు. తాగిన మరుసటి ఆదివారం మళ్ళీ లేచేవాడు. "మల్ల వడ్డ. మల్ల లేసిన. ప్రార్థన చెయ్యున్రి." జనం నవ్వు ఆపుకునేవాళ్ళు. ఒక్కటి మాత్రం నేను కూడా కాదనలేను. రిటైరై చిన్నమ్మతో మట్టెవాడకే వచ్చేశాక, ఇక్కడ ఎవరి మొగుడు తాగి ఎక్కడ పడిపోయినా ఆ ఇంటివాళ్ళు మొదట ఫోన్ చేసేది ఈయనకే. పోయి, ఆ మనిషి పక్కన రోడ్డు మీదే కూర్చుని, తెలివి వచ్చేదాకా కబుర్లు చెప్పేవాడు.

అమ్మ పోయిన కొన్నేళ్ళకు బాపు పోయాడు, చెయ్యి ఇవ్వకుండానే. పెట్టె మూసే ముందు అందరూ చివరిచూపు చూస్తున్నప్పుడు చిన్నాయన వంగి, బాపు చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. నేను చూశాను. పోయి ఆ చేతుల్ని లాగి పడేశాను.

"బతికున్నప్పుడు ఇయ్యని చెయ్యిని ఇప్పుడు దొంగతనంగ పట్టుకుంటవా? గిది లెక్కకు రాదు. బతికున్నోళ్ళే ఇయ్యాలె."

ఆయన తలూపాడు, "నిజమే బిడ్డా" అన్నాడు. తర్వాతి మొదటి ఆదివారం ఏం చేశాడో చెప్పనా? లేచాడు. మగవాళ్ళ వైపు నుంచి నడవా దాటి ఆడవాళ్ళ వైపుకు వచ్చాడు. మా గుళ్ళో పెళ్ళికొడుకు తప్ప ఏ మగవాడూ ఆ గీత దాటడు. ముసలమ్మలు కొంగులు సర్దుకున్నారు. నా ఎదురుగా నిలబడి చెయ్యి చాపాడు.

"బతికున్నోళ్ళే ఇయ్యాలంటివి. మీ బాపు ఇంట్ల ఇగ నువ్వే ఉన్నవ్."

నేను పాటల పుస్తకం తెరిచాను. అది బాపు పుస్తకమే.

అప్పటి నుంచి నెలనెలా నా వంతు. ఆయన పక్కన ఎప్పుడూ కూర్చునే ఒక కాక ఉన్నాడు, చెవుడు, దళసరి కళ్ళజోడు. చిన్నాయన ఎలాగూ తీసుకోడని ఆ కాకకు ఎంత అలవాటైపోయిందంటే, పళ్ళెం రాగానే చిన్నాయన ఒడి మీదుగా చెయ్యి చాపి అవతలివాడికి ఇచ్చేసేవాడు, అటు చూడకుండానే. ఒకసారి చిన్నాయన నా షాపుకు ఏదో పని మీద చిన్నమ్మతో వచ్చినప్పుడు ఉండబట్టలేక అడిగేశాను.

"రొట్టె దొరకదని ఎరుకే గద. ఇగ గుడికెందుకు వస్తవ్ నువ్వు?"

చిన్నాయన కోపం తెచ్చుకోలేదు. గుండీల డబ్బాలో వేళ్ళు పెట్టి కలుపుతూ, "సిక్‌లైన్ల వెట్టిన డబ్బాను చూసినవా బిడ్డా? అది యేడికి పోదు. కని పట్టాల మీదనే ఉంటది. పక్కకు గుంజి పారెయ్యరు దాన్ని. నేను గట్లనే" అన్నాడు. నా గుండీలన్నీ కలిపేసి పోయాడు. వాటిని రంగురంగులుగా మళ్ళీ వేరుచేసుకునేసరికి నాకు సాయంత్రమైంది.

ఈ ఏడు ఎండాకాలంలో ఆయనకు గుండెనొప్పి వచ్చింది. దవాఖానలో వేశారు. గండం అన్నారు డాక్టర్లు. అయ్యగారు చిన్న డబ్బాలో రొట్టె, కప్పూ పట్టుకుని వెళ్ళారు. ఇన్నేళ్ళుగా బల్ల తీసుకోని మనిషి, ఇప్పుడైనా తీసుకుంటాడని. చిన్నాయన నోరు గట్టిగా మూసుకున్నాడట, మందు వద్దనే పసిపిల్లాడిలా. చిన్నమ్మ ఫోన్ చేసింది. "నువ్వు వస్తేనే తీసుకుంటడట. నా తోని గాదే, నువ్వే వచ్చి సముదాయించు" అంది. అది పెళ్ళిళ్ళ కాలం, షాపులో కూర్చోవడానికి చోటు లేనన్ని బట్టలు. నేను లేచి, దారి పొడవునా తిట్టుకుంటూ ఆటోలో వెళ్ళాను.

ముక్కుకు గొట్టం, చేతికి సూది. మనిషి సగమైపోయాడు. నన్ను చూడగానే సూది లేని చెయ్యి పైకి లేచింది.

"చిన్నాయనా, నేను నిన్ను క్షమించలే" అన్నాను. అయ్యగారు ఇబ్బందిగా కదిలారు. "నువ్వు సస్తానవని అబద్ధం జెప్పి చెయ్యియ్య."

"నిన్ను అబద్ధం జెప్పుమన్ననా? కోపం ఉన్నదా?"

"మస్తున్నది."

"ఉండనీ. కోపంతోనే ఇయ్యి."

"గదేం ఇచ్చుడు?"

ఆయన ఊపిరి కోసం కాసేపు ఆగాడు. "బిడ్డా, మంచిగైనంక ఇచ్చుకుందామంటే నువ్వు గావు, నేను గాను. దేవుడు మంచిగైనంక రమ్మనలే. రమ్మన్నడు, అంతే. నేను మంచిగ గాలేదు, నాకెరుకే. నువ్వు గూడ ఏం గాలేదు."

చూశారా? చావుమంచం మీద కూడా ఆ చివరి మాట అనకుండా ఉండలేకపోయాడు. నాకు ఎంత మండిందంటే ఆ మంటలోనే చెయ్యి ఇచ్చేశాను. ఆయన పట్టుకుని, "గింత గట్టిగున్నదేందే నీ చెయ్యి" అన్నాడు. కత్తెర పట్టే చెయ్యి గట్టిగానే ఉంటుందని చెప్పాను. అయ్యగారు డబ్బా మూత తీశారు. చిన్నాయన రొట్టెముక్కను నోట్లో పెట్టుకుని ఎంతసేపు నమిలాడో. కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. చిన్నమ్మ తుడుస్తూ, "మెల్లగ, మెల్లగ" అంటోంది. నేను కిటికీ వైపు చూస్తూ నిలబడ్డాను. ఇంతటితో పీడ విరగడైంది, ఇక ఈయన ప్రశాంతంగా పోతాడు, నేను ప్రశాంతంగా ఉంటాను అనుకున్నాను.

పోలేదు. లేచి కూర్చున్నాడు. ఇంటికి వచ్చాడు. కోలుకున్న వెంటనే ఒక ఆదివారం గుడికి వచ్చి, కర్ర పట్టుకుని, సాక్ష్యానికి లేచాడు.

"అందరికి వందనాలు. దేవుడు నన్ను సావు నోట్లకెళ్ళి గుంజిండు. మా అన్న బిడ్డ దవాఖానకు వచ్చి, పండ్లు నూరుకుంటనే చెయ్యిచ్చింది. ఆమె గుండెల కోపం ఇంక పోలే, ఆమె నోటితోనే చెప్పింది. ఆమె కోసం అందరు భారంగ ప్రార్థన చెయ్యున్రి."

ఆడవాళ్ళ తలలన్నీ ఒక్కసారి నా వైపు తిరిగాయి. పక్కనున్న ముసలమ్మ నా వీపు నిమరడం మొదలుపెట్టింది. నేను లేచి బయటికి వచ్చేశాను. ఇంటికి వచ్చేసరికి సంఘం వాట్సప్ గ్రూపులో ప్రార్థన మనవుల్లో నా పేరు. నా కింద ఎవరిదో మోకాళ్ళ నొప్పి.

ఆ మధ్యాహ్నమే వాళ్ళింటికి వెళ్ళాను. చిన్నాయన అన్నం ముందు కూర్చుని ఉన్నాడు.

"నీకు బుద్ధి ఉన్నదా? ఆనాడు బాపుకు జేసిందే మల్ల నాకు జేసినవ్!"

"బాపుకు ఏం జేసిన?"

"ఏం జేసిన అంటానవా? పదిమందిల మా పరువు దీసినవ్. మా బాపు చేతికెళ్ళి పళ్ళెం గుంజినవ్. గందుకే గద ఆయన సచ్చేదాక నీకు చెయ్యియ్యలే!"

ఆయన చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది. చిన్నమ్మ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "గందుకా?" అన్నాడు. "నేను తాగుడు బంద్ వెట్టి అన్నను ఒక్కన్ని జేసి పోయిన్నని కోపం అనుకున్న. గదే అడుగుతాన, ఇన్నేండ్ల సంది. శనివారం రాకుంటైన్నని."

ఇంతకన్నా తిక్క ఎక్కడైనా ఉంటుందా? తాను చేసిన తప్పేమిటో తెలియకుండానే ఇన్నేళ్ళు తిరిగాడు ఆ మనిషి. చెయ్యి చాపినప్పుడల్లా ఆయన క్షమాపణ అడుగుతున్నది తోడు వదిలి వెళ్ళినందుకు. మేం ఇవ్వనిది పరువు తీసినందుకు. నేను తలుపు దబాలున వేసి వచ్చేశాను. చిన్నమ్మ వెనక నుంచి పిలుస్తూనే ఉంది.

తర్వాతి మొదటి ఆదివారం ఆయన కర్ర పొడుచుకుంటూ నడవా దాటి వచ్చాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి చెయ్యి చాపే ముందు మాట్లాడాడు, నాకు మాత్రమే వినపడేలా. ఆయన గొంతు అంత చిన్నగా ఉంటుందని కూడా నాకు తెలియదు. "బిడ్డా, ఇప్పుడు సమజైంది. అన్నకు శాన తప్పు జేసిన. నీకు గూడ."

నేను తల తిప్పుకున్నాను. తిప్పుకుంటాను మరి! ముప్పావు జీవితం పట్టిన అర్థం ఆయనకి నిన్నగాక మొన్న అయితే, అది వినగానే నాకు రెండు క్షణాల్లో కోపం దిగిపోవాలా? నేనేమన్నా కుట్టుమిషనునా, కాలు తీయగానే ఆగిపోవడానికి? వచ్చే నెల ఇద్దామనుకున్నాను. నిజంగా అనుకున్నాను. ఆయన వెళ్ళి కూర్చున్నాడు. కాక ఆయన ఒడి మీదుగా పళ్ళెం దాటించాడు. ఆ తర్వాత కొద్దిరోజులకే చిన్నమ్మ ఫోన్.

పెట్టె దగ్గర నన్ను ముందుకు తోశారు. చిన్నాయన చేతులు ఛాతీ మీద కట్టి ఉన్నాయి, గోళ్ళలో ఆ పాత నలుపు ఇంకా అలాగే ఉంది. ముట్టుకుందామనిపించింది. కానీ బాపు పెట్టె దగ్గర నేనన్న మాట నాకే అడ్డం వచ్చింది. ఇది లెక్కకు రాదు. చేతులు వెనక్కి కట్టుకుని చూసి వచ్చేశాను. ఎంత కఠినురాలో అని ఎవరో గొణిగారు, విన్నాను.

మొన్న మొదటి ఆదివారం వచ్చింది. అయ్యగారు ఎప్పటి మాట చెప్పారు, విరోధం ఉంటే సమాధానపడి రండని. అందరూ తలలు వంచారు. అలవాటు కొద్దీ నేను పాటల పుస్తకం తెరిచాను. ఎదురుగా ఎవరూ లేరు. తల ఎత్తి వెనక్కి చూశాను. చివరి బెంచీలో ఆ చెవిటి కాక, పక్కన చిన్నాయన చోటు ఖాళీ, ఆ పక్కన ఇంకెవరో.

ఆయన మీద నాకు ఎంత కోపం వచ్చిందో మీకు చెప్పలేను. తన పని తాను చేసుకుని పోయాడు, నడవటం నాకు వదిలేశాడు. లేచాను. పక్కావిడ మోకాళ్ళు తగిలాయి, ఇంకొకావిడ బ్యాగు కింద పడింది. నడవా దాటాను. మగవాళ్ళు కాళ్ళు ముడుచుకున్నారు. చిన్నమ్మ అవతలి నుంచి "యేడికే?" అంది, గుడి అంతా వినపడేలా. నేను పోయి ఆ ఖాళీలో, ఆయన చోట్లో కూర్చున్నాను. కోపం ఎక్కడికీ పోలేదు, నాతోపాటే వచ్చి కూర్చుంది.

పళ్ళెం వచ్చింది. కాక దాన్ని అందుకుని, అటు చూడకుండానే, ఎప్పట్లా నా ఒడి మీదుగా చెయ్యి చాపి అవతలివాడికి ఇవ్వబోయాడు.

"జర ఆగు కాకా" అన్నాను.

ఆయనకు వినపడలేదు. పళ్ళెం అంచు పట్టుకుని ఆపాను. అప్పుడు తిరిగి, దళసరి అద్దాల్లోంచి నన్ను చూసి ఉలిక్కిపడ్డాడు. నేను ఒక ముక్క తీసుకుని నోట్లో పెట్టుకున్నాను. అమ్మగారు ఈసారి రొట్టె కొంచెం మాడ్చారు. మింగుడు పడటానికి చాలాసేపు పట్టింది. కాక పళ్ళేన్ని అలాగే పట్టుకుని ఆగాడు.

వెనక్కి ఆనుకున్నాను. చూడకపోయినా తెలుసు, గోడ మీద ఆ నూనె మరక అక్కడే ఉంది. నా తల దానికి జానెడు కిందే ఆగిపోయింది.